ఎండాకాలంలో రెండు బనీన్లు

అబ్బాయిలూ, పదమూడో ఏట నా రొమ్ము కాస్త ఉబ్బింది. చనుమొన కింద రేగ్గాయంత గడ్డ, ముట్టుకుంటే నొప్పి. మా బాన్సువాడ ఎండల్లో కూడా చొక్కా కింద రెండు బనీన్లు తొడిగేవాణ్ణి. తోటివాళ్లు నిజాంసాగర్ కాలువలో ఈదుతూంటే, గట్టున వాళ్ల బట్టలకు కాపలా కూర్చునేవాణ్ణి. ఒకడు పెట్టిన పేరు బడి అంతా పాకింది. ఆ పేరు ఇప్పుడూ చెప్పను. అన్నం తగ్గించాను, బడికి పోనన్నాను.

చివరకు నాయన నన్ను డాక్టరుగారి దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన నవ్వలేదు. మగపిల్లల ఒంట్లోనూ ఈస్ట్రోజెన్ అనే హార్మోను కొంచెం ఉంటుందట. ఈడు వచ్చే రోజుల్లో టెస్టోస్టెరాన్ దానికి సరితూగేదాకా రొమ్ము గ్రంథి ఉబ్బవచ్చునట. దీన్నే గైనకోమాస్టియా అంటారు. చాలామందికి ఆర్నెల్లు మొదలు రెండేళ్లలో దానంతటదే తగ్గుతుంది. పస్తులుంటే మాత్రం తగ్గదు! గడ్డ పెరుగుతూన్నా, నెత్తురు కారినా వెంటనే డాక్టరుకు చూపించాలి. మనసు కుంగితే ఇంట్లో చెప్పండి. 2022లో మొదలైన టెలీ మానస్‌కు, 14416 నంబరుకు, ఉచితంగా ఫోను చేయవచ్చు.

"దాదాపు సగంమంది అబ్బాయిలకు ఎంతోకొంత వస్తుంది" అన్నారు డాక్టరుగారు. మా తరగతిలో అబ్బాయిలం నలభైమందిమి. మర్నాడు రెండేసి బనీన్లవాళ్లను కళ్లతోనే వెతికాను. నాకు పేరు పెట్టినవాడు, అంత ఉక్కలోనూ, మెడదాకా గుండీలు పెట్టుకుని కూర్చున్నాడు.