నివేదిక చివరి పేజీ

హైదరాబాద్ బేగంపేటలో ఓ పాత ప్రాంగణం ఉంది. పేరు నిజామియా అబ్జర్వేటరీ. నిజాం కాలంలో అక్కడ పెద్ద పెద్ద దూరదర్శినులు పెట్టుకుని, రాత్రంతా మేలుకుని, ఆకాశంలోని చుక్కల్ని ఒక్కొక్కటిగా పుస్తకాలకెక్కించారు. అలా లక్షల నక్షత్రాలకు చిరునామాలు రాశారు. ఇప్పుడదే ప్రాంగణంలో ఉన్న మరో సంస్థ నేలమీది మనుషుల లెక్కలు తీస్తుంటుంది. ఎవరికి భూమి ఉంది, ఎవరికి లేదు, ఎవరి ఇంట్లో పిల్లలు బడి మానేశారు... ఇలాంటివన్నమాట. ఆ సంస్థే సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్. అందరూ ‘సెస్’ అంటారు. 1980లో పుట్టింది.

ఇలాంటి వాటిని థింక్‌ట్యాంకులు అంటున్నారు. ప్రభుత్వం కాదు. పార్టీ కాదు. పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే విశ్వవిద్యాలయమూ కాదు. కానీ ఏదైనా పథకం మొదలవ్వాలన్నా, ఉన్న పథకం ఆగిపోవాలన్నా, చట్టంలో ఓ మాట మారాలన్నా వీటి నివేదికలు ఎక్కడో ఓ ఫైల్లో ఉంటాయి. ఆ నివేదికలోని ఒక్క వాక్యం వల్ల మారుమూల పల్లెలో ఎవరికో పింఛను వస్తుంది. ఇంకెవరికో పోతుంది.

మరి ఆ వాక్యం రాసిందెవరు?

చాలా నివేదికల చివరి పేజీలో చిన్న అక్షరాలతో రచయితల పరిచయం ఉంటుంది. ఫలానా చోట చదివారు, ఫలానా చోట పనిచేశారు, ఫలానా అంశంపై ఆసక్తి. మూడు నాలుగు లైన్లు, అంతే. అందరూ మొదటి పేజీలోని సారాంశం చదివి పక్కన పెట్టేస్తారు. చివరి పేజీ దాకా వెళ్లేవాళ్లు తక్కువ. నిజానికి చదవడం అక్కణ్నుంచే మొదలెట్టాలేమో! ఎందుకంటే ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్లలో పుట్టుకతో ‘విధాన పరిశోధకులు’ ఎవరూ లేరు. అందరూ ఎక్కణ్నుంచో వచ్చినవాళ్లే. వస్తూ వస్తూ పాత ఉద్యోగం నేర్పిన చూపునీ వెంట తెచ్చుకున్నవాళ్లే.

ప్రశాంతచంద్ర మహలనోబిస్‌నే తీసుకోండి. ఆయన చదివిందీ, కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పిందీ భౌతికశాస్త్రం. 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. దేశమంతా ఇంటింటికీ తిరిగి ఖర్చుల లెక్క అడిగే జాతీయ నమూనా సర్వే 1950లో మొదలైంది ఆయన చొరవతోనే. రెండో పంచవర్ష ప్రణాళికకు మూలమైన గణిత నమూనా కూడా ఆయనదే. దేన్నైనా కొలవాలి, కొలిచాకే మాట్లాడాలి అన్నది భౌతికశాస్త్రం నేర్పే అలవాటు. దేశంలో పేదరికం గురించి ఈనాటికీ అంకెలతో వాదించుకోగలుగుతున్నామంటే ఆ అలవాటు పుణ్యమే. అయితే అదే ప్రణాళికలో యంత్రాలు తయారుచేసే యంత్రాలకు పెద్దపీట పడింది. మొత్తం ఖర్చులో వ్యవసాయం వాటా మొదటి ప్రణాళిక కంటే తగ్గింది. చక్కగా కుదిరిన సమీకరణంలో వాన రాని ఏడాదికి చోటు దొరకడం కష్టం.

కె.సుబ్రహ్మణ్యం సంగతి ఇంకోలా ఉంటుంది. ఆయన చదువు మద్రాసులో రసాయనశాస్త్రం. ఉద్యోగం ఐఏఎస్. 1951 బ్యాచ్. దేశ రక్షణ వ్యవహారాలపై అధ్యయనం కోసం 1965లో ఢిల్లీలో పెట్టిన ఐడీఎస్ఏకు 1968లో డైరెక్టరయ్యారు. ఆ తర్వాత 1980లో మరోసారి. యుద్ధాల గురించి రాయడానికి సైనికుడే అయ్యుండాలా? అక్కర్లేదని ఆయన నిరూపించారు. రక్షణశాఖ ఫైళ్లు ఎలా నడుస్తాయో, ఏ నిర్ణయం ఏ బల్లమీద ఆగుతుందో తెలిసిన మనిషి కావడమే ఆయన బలం. కార్గిల్ యుద్ధం తర్వాత 1999లో ఎక్కడ పొరపాటు జరిగిందో తేల్చే సంఘానికి ఆయన్నే అధ్యక్షుణ్ని చేశారు.

ఇక మన దగ్గరికొద్దాం. సెస్ పేరు చెబితే ఇద్దరు గుర్తొస్తారు. ఒకరు బి.పి.ఆర్.విఠల్. ఐఏఎస్ అధికారి. ఆంధ్రప్రదేశ్ ఆర్థిక, ప్రణాళికా శాఖలను ఏళ్ల తరబడి నడిపినవారు. రాష్ట్ర ఖజానాలో ఎక్కడ రంధ్రం ఉందో, ఏ పద్దు కింద చూపిన డబ్బు అసలు ఎక్కడికి వెళ్తుందో ఆయనకు కొట్టిన పిండి. సెస్‌కు ప్రాణం పోసినవాళ్లలో ఒకరు. తర్వాత పదో ఆర్థిక సంఘంలో సభ్యుడిగానూ పనిచేశారు. రెండోవారు సి.హెచ్.హనుమంతరావు. కరీంనగర్ జిల్లాలో పుట్టి, ఢిల్లీలో ఆర్థికశాస్త్రం చదివి, అక్కడే ఆచార్యుడై, ప్రణాళికా సంఘం సభ్యుడైనవారు. కరవు ప్రాంతాల కార్యక్రమాలను సమీక్షించిన సంఘం 1994లో ఆయన అధ్యక్షతనే నివేదిక ఇచ్చింది. వాటర్‌షెడ్ పథకాల్లో ఊరివాళ్లకే బాధ్యత అప్పగించాలన్న మార్గదర్శకాలకు అదే పునాది. ఒకాయన ఖజానా వైపు నుంచి చూశారు. మరొకాయన మెట్టపొలం వైపు నుంచి చూశారు. ఇద్దరూ ఒకే సంస్థను తమదనుకున్నారు. దాని అదృష్టం అది.

వైద్యుడు కూడా ఈ దారిలోకి రావొచ్చు. జయప్రకాశ్ నారాయణ గుంటూరు మెడికల్ కాలేజీలో చదివారు. తర్వాత ఐఏఎస్ అయ్యారు. 1996లో ఆ ఉద్యోగం వదిలేసి ఫౌండేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ పెట్టారు. రోగి వచ్చి కడుపునొప్పి అంటే నొప్పికి మాత్ర ఇచ్చి పంపడం ఒక పద్ధతి. నొప్పి ఎందుకొచ్చిందో వెతకడం ఇంకో పద్ధతి. ఎన్నికలు, న్యాయస్థానాలు, స్థానిక సంస్థలు అంటూ ఆయన పట్టుకున్న అంశాలన్నీ రెండో పద్ధతివే.

కొత్తతరం దారి మరోటి. ఎం.ఆర్.మాధవన్ మద్రాస్ ఐఐటీలో, కలకత్తా ఐఐఎంలో చదివి బ్యాంకింగ్ రంగంలో పనిచేశారు. 2005లో సి.వి.మధుకర్‌తో కలిసి పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ మొదలుపెట్టారు. పార్లమెంటు ముందుకొచ్చే ప్రతి బిల్లునూ నాలుగైదు పేజీల్లో, ఏ పక్షమూ వహించకుండా, ఎంపీకి అర్థమయ్యేలా చెప్పడం వీళ్ల పని. ఓ కంపెనీ గురించి మదుపరికి చెప్పేటప్పుడు ఇష్టాయిష్టాలకు చోటుండదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ క్రమశిక్షణే బిల్లులకూ పనికొచ్చింది. 2010 నుంచి అదే సంస్థ పాతికేళ్లలోపు యువతను ఎంపీల దగ్గరికి సహాయకులుగా పంపుతోంది. లా చదివినవాళ్లు, ఇంజినీర్లు, చరిత్ర చదివినవాళ్లు... అందరూ అందులో ఉంటారు.

ఇంతమంది ఇన్ని చోట్ల నుంచి రావడం దేనికి? ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు నలుగురు కూర్చుంటే సరిపోదా?

ఓ చిన్న ఊహ. ఓ సంస్థలో గుండ్రటి బల్ల. చుట్టూ ఆరేడుగురు. మధ్యలో టీ కప్పులు. చర్చనీయాంశం: ‘పంట పోయినా వేరుసెనగ రైతుకు బీమా డబ్బు ఎందుకు చేరడం లేదు?’

గణాంకాల మనిషి ముందు నోరు విప్పుతాడు. “పంటకోత ప్రయోగాలు ఎన్నిచోట్ల చేశారు? ఊరు యూనిట్టా, మండలం యూనిట్టా?” మంచి ప్రశ్న. మండలం మొత్తానికి సగటు తీస్తే, ఎండిపోయిన ఊరు పచ్చగా ఉన్న పక్కూరి చాటున దాక్కుంటుంది.

బ్యాంకు నుంచి వచ్చినావిడ, “ప్రీమియం ఎవరి ఖాతాలోంచి కట్ అయింది?” అంటుంది. 2020 దాకా పంటరుణం తీసుకున్నవాళ్లకు బీమా తప్పనిసరి. చాలామందికి తమ పేరున బీమా ఉందన్న సంగతే తెలియదు.

లాయరు చట్టం తెరుస్తాడు. “ముందు రైతంటే ఎవరో చూద్దాం. ఇక్కడేం రాశారు?”

రిటైరైన అధికారి నవ్వుతాడు. “అడంగల్‌లో ఎవరి పేరుందో చూడండి బాబూ. అది పొలానికి వెళ్లి రాసిందా, ఆఫీసులో కూర్చుని నిరుటిది చూసి రాసిందా అన్నది ఇంకో సంగతి.”

పత్రికా ఉద్యోగం మానేసి వచ్చిన కుర్రాడికి ఇవేవీ పట్టవు. “డబ్బు అందినవాళ్ల జాబితా ఇవ్వండి. ఓ పదిమంది ఇళ్లకు వెళ్లొస్తా.”

ఓ మూల కుర్చీలో, చేతిలో నోటుబుక్కుతో, ఆ జిల్లాల్లో సర్వే చేసొచ్చిన ఇన్వెస్టిగేటర్ ఉంటాడు. ఎవరో అతనివైపు తిరిగి, “నువ్వేమంటావయ్యా?” అంటారు. అతను కాస్త తటపటాయించి చెబుతాడు. “సార్, పొలం దున్నింది ఒకరు. కాగితంలో ఉన్నది ఇంకొకరు. కౌలంతా నోటిమాటే. రాసివ్వమని అడిగితే వచ్చే ఏడాది పొలం ఇవ్వరు.”

బల్ల చుట్టూ కాసేపు ఎవరూ మాట్లాడరు.

సన్నివేశం ఊహే. సమస్య మాత్రం ఊహ కాదు. కౌలు రైతుకు గుర్తింపుకార్డు ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్‌లో 2011లో చట్టం వచ్చింది. 2019లో దాని స్థానంలో మరో చట్టం వచ్చింది. దానిప్రకారం పదకొండు నెలల ఒప్పందానికి భూయజమాని సంతకం కావాలి. ఆ సంతకం దగ్గరే ఎందరో ఆగిపోయారు. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి పంటకు నాలుగువేల రూపాయలు పట్టాదారుకే వెళ్లాయి. దున్నే కౌలుదారుకు కాదు. పై ప్రశ్నల్లో ఏ ఒక్కటి తక్కువైనా నివేదిక సగమే. కానీ చివరి మాట లేకపోతే మొత్తం నివేదికే వేరే మనిషి గురించి అవుతుంది.

ఆ చివరి మాట చెప్పేవాడి విలువ తెలిసినవాళ్లూ ఉన్నారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975లో ఆరు ఊళ్లను ఎంచుకుంది. అందులో రెండు పాలమూరు జిల్లావి. ఔరేపల్లి, డోకూరు. మిగతా నాలుగూ మహారాష్ట్రవి. ఊరికి నలభై కుటుంబాలు. కూలీలు పది, చిన్న, మధ్యతరగతి, పెద్ద రైతులు పదేసి. ఆ ఇళ్లకు వెళ్లే ఇన్వెస్టిగేటర్లు నగరం నుంచి జీపులో వచ్చి సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లు కాదు. పల్లెల్లో పుట్టి, వ్యవసాయ సంబంధిత చదువులు చదివి, ఆ ఊరి భాష మాట్లాడుతూ, ఆ ఊళ్లోనే కాపురం ఉన్నవాళ్లు. కొద్దివారాలకోసారి అవే గడపలు తొక్కారు. ఏం పండింది, ఏం అమ్మారు, ఎవరికి బాకీ, ఎవరు పనికెళ్లారు... పదేళ్లు ఇదే పని. మెట్టప్రాంత రైతు గురించి ప్రపంచమంతా చదివే ఎన్నో పరిశోధనలకు ముడిసరుకు ఆ నోటుబుక్కులే. ఒక్కపూటలో వచ్చి అడిగేవాడికి అప్పు సంగతి ఏ ఇల్లాలు చెబుతుంది? రోజూ కనిపించేవాడికైతే, “మొన్న చెప్పింది తప్పు నాయనా, ఇంకో రెండొందలున్నాయి” అని పిలిచి మరీ చెబుతుంది.

ఈ అధ్యయనాలను నిలబెట్టినవాళ్లలో ఒకరు ఎన్.ఎస్.జోధా. ఆర్థికవేత్త. రాజస్థాన్‌లో రెండు ఊళ్లను 1960ల్లో చూసి, ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ వెళ్లారు. కొన్ని కుటుంబాల తలసరి ఆదాయం అయిదు శాతానికి పైగా తగ్గినట్టు లెక్క తేలింది. అంటే మరింత పేదలయ్యారన్నమాట. అక్కడితో ఆపేస్తే ఓ చక్కని వ్యాసం అయ్యేది. ఆయన ఆపలేదు. ‘మీ దృష్టిలో బాగుండటం అంటే ఏంటి?’ అని వాళ్లనే అడిగారు. కాళ్లకు చెప్పులుండటం, పశువులకు విడిగా కొట్టం ఉండటం, ఆసామి గడపలో చేతులు కట్టుకోవాల్సిన పని లేకపోవడం... ఇలా ముప్ఫై ఎనిమిది గుర్తులు చెప్పారు. వాటిలో ముప్ఫై ఏడింటి ప్రకారం ఆ కుటుంబాలు మునుపటికన్నా మెరుగ్గా ఉన్నాయి! 1988లో జోధా ఈ సంగతి అచ్చులో పెట్టినప్పుడు ఆర్థికవేత్తలు ఉలిక్కిపడ్డారు. అంకె అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పింది. ఆ ఊరివాళ్ల ప్రశ్న మాత్రం వేరే.

ఏ ఉద్యోగం నుంచి వచ్చినవాళ్లకు ఆ ప్రశ్న తడుతుంది? ఫలానా డిగ్రీ అని చెప్పడానికి లేదు. మహలనోబిస్ కొలత కావాలి. విఠల్‌కు తెలిసిన ఖజానా గుట్టు కావాలి. లాయరు పట్టుకునే నిర్వచనం కావాలి. అయితే, తన పాత ఉద్యోగం తనకు ఏం చూపించదో తెలిసిన మనిషి వీళ్లందరి మధ్యా ఒక్కడైనా ఉండాలి. అధికారిగా ముప్ఫై ఏళ్లు పనిచేసినాయనకు అర్జీ పట్టుకుని బల్లకు అవతల నిలబడ్డం ఎలా ఉంటుందో తెలియకపోవచ్చు. పెద్ద విశ్వవిద్యాలయంలో చదివిన అమ్మాయికి తూకంలో మోసం ఎలా జరుగుతుందో తెలియకపోవచ్చు. తెలియదని ఒప్పుకుంటే అడుగుతారు. అడిగితే ఎవరో ఒకరు చెబుతారు.

ఈసారి ఏదైనా నివేదిక చేతికొస్తే చివరి పేజీ తిప్పి చూడండి. ఎవరు రాశారు, అంతకుముందు ఏం చేసేవారు అని. దాని ముందు పేజీలో కృతజ్ఞతలు ఉంటాయి. దాతలు, డైరెక్టర్లు, సలహాదారులు అందరూ అయ్యాక, ఆఖరి లైన్లో కొన్ని పేర్లు కనిపిస్తాయి. ఎండలో గడపగడపకూ తిరిగిన ఇన్వెస్టిగేటర్లవి. కొన్ని నివేదికల్లో ఆ పేర్లు కూడా ఉండవు. ‘క్షేత్ర సిబ్బందికి ధన్యవాదాలు’ అని ఉంటుంది, అంతే.