సముద్రం కింద సొరంగం

పిల్లలూ! చెన్నై నుండి దక్షిణంగా సముద్రపుటొడ్డు వెంబడి పోతే మహాబలిపురం వస్తుంది. శిల్పాలు చూసి చాలామంది అక్కడినుండే మళ్ళిపోతారు. ఇంకొంత దూరం పోతే కల్పాక్కం వస్తుంది. అక్కడ 1983లో పని మొదలుపెట్టిన అణువిద్యుత్ కేంద్రం వున్నది.

అక్కడ ఒడ్డునుండి సముద్రంలోకి ఒక జెట్టీ వున్నది. దాని చివర పెద్ద బావి వంటి కట్టడం. యంత్రాల ఆవిరిని చల్లార్చే నీరు అందులోకి దిగి, సముద్రపు అడుగున తొలిచిన సొరంగం గుండా ఒడ్డుకు వస్తుంది. దాని పొడవు 468 మీటర్లు. వ్యాసం 3.8 మీటర్లు, అంటే ఒకరి భుజాలపై ఒకరు నిలబడినా తల తగలదు!

ఇంత దారికీ శత్రువు చిన్న చిన్న చిప్పజీవులు. వాటి పిల్లలు కంటికి ఆనీ ఆననంత చిన్నవి. నీటిలో తేలుతూ గట్టి చోటు వెతుక్కుంటవి. ఇసుక నిలకడగా వుండదు. కాంక్రీటు దొరికితే వాటికి పండుగే! ముందు సూక్ష్మజీవులు జిగురుపొర పరుస్తవి. బార్నకిల్ పిల్ల తలకిందులుగా అంటుకుని, చుట్టూ సున్నపుగోడ కట్టుకుంటుంది. పచ్చ ఆల్చిప్పలు దారాలతో పట్టుకుని గుత్తులుగా పెరుగుతవి. ప్రవాహమే వాటికి తిండి మోసుకొస్తుంది. దారి ఇరుకవుతుంది, ఊడిన చిప్పలు యంత్రాల సన్నని గొట్టాలకు అడ్డుపడతవి.

గీకివేయవచ్చు గదా అంటారేమో! జెట్టీ స్తంభాలను గీకవచ్చు. సొరంగంలో మనిషి దిగాలంటే నీరు ఆపాలి. ఓడలకు రాగి కలిసిన రంగు పూస్తారు. దాని సారం పోయాక ఓడను నీటినుండి తీసి మళ్ళీ పూస్తారు. సొరంగాన్ని అలా తీయగలమా?

అందుచేత నీటిలో క్లోరిన్ కలుపుతారు. కాని ఆల్చిప్ప గడుసుది. ఘాటు తగలగానే తలుపులు మూసుకుని రోజులతరబడి కూర్చుంటుంది. అందుకే ఒక్కసారిగా ఎక్కువ పోయడంకన్న, ఎడతెగకుండా కొద్దికొద్దిగా కలపడం మేలు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాముకన్న తక్కువ మిగిలివున్నా పసిపిల్లలు నిలదొక్కుకోలేవు. పెరిగినదాన్ని వెళ్ళగొట్టడం కష్టం. అంటుకోకుండా చూడడం సులువు.

అయితే ఆ నీరు తిరిగి సముద్రంలోకే పోతుంది. అక్కడ చేపపిల్లలున్నవి, వాటిని నమ్ముకున్న జాలరులున్నారు. క్లోరిన్ తగ్గితే సొరంగానికి ముప్పు, హెచ్చితే సముద్రానికి ముప్పు. అందుకనే శాస్త్రజ్ఞులు అక్కడి నీటిలో పలకలు వేలాడదీసి, ఏ నెలలో ఏ జీవి వచ్చి అంటుకుంటున్నదో చూస్తూ వచ్చారు. శత్రువు వచ్చే వేళ తెలిస్తే మందు వృథా కాదు.

మీరు ఏ రేవుకు వెళ్ళినా, పోటు తీసినప్పుడు స్తంభాలను చూడండి. ఎంత ఎత్తువరకు ఏవి పట్టినవో రాసుకోండి. చేతులు మాత్రం జాగ్రత్త. ఆ చిప్పల అంచులు కత్తులవంటివి!