చిన్న పాదాల వెంట హైదరాబాదుకు

అరబీ భాషలో ప్రయాణాన్ని ‘సఫర్’ అంటారు. ఆ మాట మూలంలో ‘తెర తొలగటం, వెల్లడి కావటం’ అనే అర్థం కూడా ఉంది. ఇంట్లో కనిపించని మనిషి స్వభావం ప్రయాణంలో బయటపడుతుందని పెద్దలు అంటారు. ఎనిమిదేళ్ళ కుమారుణ్ణి, నాలుగేళ్ళ కుమార్తెను వెంటబెట్టుకుని రెండు రోజులు హైదరాబాదు చూసివచ్చాక ఆ మాటలోని నిజం మాకు తెలిసింది.

పాల్వంచ దాటి భద్రాచలం వైపు సాగితే అడవి దట్టమయ్యే చోట మా ఊరు ఉంది. కిన్నెరసాని జలాశయం, అక్కడి జింకల పార్కు, గోదావరి మీది వంతెన, ఇవే మా పిల్లల లోకం. రైలెక్కాలంటే కొత్తగూడెం చేరాలి. ఆ స్టేషను పేరు మాత్రం ‘భద్రాచలం రోడ్’. “భద్రాచలం ఇక్కడికి 40 కిలోమీటర్లు కదా, మరి ఈ పేరెందుకు అబ్బా?” అని కుమారుడు అడిగాడు. భద్రాచలానికి రైలు లేదనీ, అక్కడికి వెళ్ళేవారు ఇక్కడ దిగి రోడ్డు పట్టాలనీ చెప్పాం.

శుక్రవారం రాత్రి రైలెక్కి, పిల్లలచేత ప్రయాణ దుఆ చదివించాం. డోర్నకల్, వరంగల్, కాజీపేట నిద్రలోనే దాటిపోయాయి. తెల్లవారేసరికి సికింద్రాబాదులో ఉన్నాం.

మా చేతిలో ఒక జాబితా ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, మక్కా మస్జిద్, జంతు ప్రదర్శనశాల, గోల్కొండ. వీటిలో గోల్కొండపై మాకు ప్రత్యేకమైన ఆసక్తి. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్నను తానీషా కాలంలో బంధించిన చెరసాల ఆ కోటలోనే ఉంది. మా ప్రాంతపు చరిత్రలో ఒక పుటను పిల్లలకు కళ్ళారా చూపాలని మా కోరిక.

ముందుగా మూసీ ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళాం. అక్కడి సంగీత గడియారంలో గంట గంటకూ ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి వెళుతుంది. పన్నెండు గంటల వేళకు జనం గుమిగూడారు. రాత్రి సరిగా నిద్రలేని మా చిన్నది నేలమీద కూర్చుండిపోయింది. “ఇంత ఖర్చుపెట్టి తీసుకొస్తే కూర్చుంటావా?” అని చేయిపట్టి లేపి, అందరి ముందూ గద్దించాం. పన్నెండు గంటలూ మోగుతున్నంతసేపు పాప ఏడుస్తూనే ఉంది. ఆమె బొమ్మను చూడలేదు. నిజానికి మేమూ చూడలేదు.

అక్కడినుంచి ఆటోలో చార్మినార్ చేరుకున్నాం. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా నిర్మించిన ఆ కట్టడం పై అంతస్తులో మస్జిద్ ఉందని కుమారునికి కిందినుంచే చూపి, పక్కనే ఉన్న మక్కా మస్జిద్‌లోకి వెళ్ళాం. కుతుబ్ షాహీల కాలంలో పునాది పడిన ఈ మస్జిద్, ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయింది. పునాది వేయించిన సుల్తాను దాని పూర్తి రూపం చూడలేదు. ఆ విశాలమైన ప్రాంగణంలో పావురాలు వందల సంఖ్యలో దిగుతూ, లేస్తూ ఉన్నాయి. పాప వాటి మధ్యకు పరుగెత్తింది. పొద్దుటినుంచి ఆమె నవ్వటం అదే మొదటిసారి. ఒకరు పిల్లలను చూసుకుంటూ ఉండగా మరొకరం నమాజు చేసుకున్నాం.

రాత్రి బసలో ఇషా నమాజును ప్రయాణికుల వలె కస్ర్ చేసి, నాలుగు రకాతులకు బదులు రెండు చదివాం. సలాం చెప్పి లేవబోతూ ఆగిపోయాం. ప్రయాణికుని అలసటను గుర్తించి అల్లాహ్ తన ఆరాధననే తగ్గించాడు. నమాజును సుదీర్ఘంగా చేయించాలని నిలబడిన దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) సైతం, వెనుకనుంచి పసిబిడ్డ ఏడుపు వినబడగానే, తల్లి మనసు తల్లడిల్లుతుందని దానిని సంక్షిప్తం చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఇక మేము? మా సొంత జాబితాలో ఒక్క పేరైనా తగ్గించుకోలేకపోయాం!

నిద్రపోతున్న పాపను లేపలేదు. తెల్లవారాక దగ్గర కూర్చోబెట్టుకుని, “నిన్న మేము చేసింది తప్పు. మమ్మల్ని మాఫ్ చెయ్యి తల్లీ” అన్నాం. ఆమె కాసేపు మా ముఖాలు చూసి, “ఈరోజు కూడా పరుగెత్తాలా?” అని అడిగింది.

ఆ రోజు గోల్కొండ మానుకున్నాం. జంతు ప్రదర్శనశాలలో పిల్లలు ఎంతసేపు నిలబడితే అంతసేపు నిలబడ్డాం. జింకలను చూసి, “ఇవి మన కిన్నెరసానివే కదా!” అని ఇద్దరూ కేకలు వేశారు. మధ్యాహ్నం చెట్టునీడన దుప్పటి పరిచి, ఇంటినుంచి తెచ్చిన రొట్టెలు తిని, ఒక కునుకు తీశాం. ఆ రాత్రే తిరుగు రైలెక్కాం.

పిల్లలతో వెళ్ళదలచిన సోదర సోదరీమణులకు ఒక మాట. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం, జంతు ప్రదర్శనశాలకు సోమవారం సెలవు. పూటకు ఒక్క చోటు చాలు. రాత్రి ప్రయాణం చేసిన రోజు ఉదయం పిల్లలను నిద్రపోనివ్వండి. మిగిలినవి, అల్లాహ్ తలిస్తే, మరోసారి చూడవచ్చు.

ఇంటికి చేరగానే దాదీ మనవరాలిని ఒడిలోకి తీసుకుని, “హైదరాబాదులో ఏం చూశావమ్మా?” అని అడిగారు. “చాలా పావురాలు చూశా దాదీ. గడియారం దగ్గర అబ్బా, అమ్మీ కోప్పడ్డారు. తర్వాత మాఫ్ చెయ్యమన్నారు” అంది పాప.

“మరి చేశావా?” అన్నారు దాదీ.

“చేశా” అంది. అల్‌హందులిల్లాహ్.