జెండా మీద పుర్రె... కొండల్లో పితూరీ

సముద్రపు దొంగల్ని హీరోలుగా చూపిస్తే పిల్లలు చెడిపోరూ? ఏడో తరగతి చదువుతున్న మా మేనల్లుడు 'వన్ పీస్ ఫిల్మ్: రెడ్' పెట్టమన్నప్పుడు నాకొచ్చిన సందేహం అదే. ఎయిచిరో ఓడా 1997లో మొదలుపెట్టిన జపాన్ బొమ్మల కథ ఆధారంగా 2022లో వచ్చిన యానిమేషన్ సినిమా ఇది. దసరా సెలవులకని అరకు వెళ్తే ఒకటే వాన. చేసేదేం లేక వాడితోపాటు నేనూ చూశాను.

గడ్డిటోపీ కుర్రాడు, పుర్రె జెండా... పైకి అంతా సందడే. కానీ కథంతా ఊటా అనే గాయనిది. ఆమె చిన్నప్పుడున్న ఎలీజియా పట్నం ఒక్క రాత్రిలో బూడిదైంది. షాంక్స్ అనే దొంగల నాయకుడే ఆ పని చేశాడని లోకమంతా నమ్ముతుంది. నిజానికి పట్నాన్ని నాశనం చేసింది ఆ పిల్ల పాటకు నిద్రలేచిన ఓ భూతం. నిజం తెలిస్తే పసిది తట్టుకోలేదని షాంక్స్ ఆ నింద తన నెత్తిన వేసుకున్నాడు. మరోపక్క దొంగల తలలకు వెలకట్టే ప్రభుత్వం నీడలోనే, మనుషుల్ని బానిసలుగా కొనుక్కునే దొరలు దర్జాగా తిరుగుతుంటారు. (రెండో సగంలో గోల మాత్రం కాస్త ఎక్కువే, చెవులు చిల్లులు పడ్డాయి!)

"ఇంతకీ వీళ్ళని దొంగలని మొదట అన్నదెవరత్తా?" అనడిగాడు వాడు. జవాబు కోసం జపాన్ దాకా వెళ్ళక్కర్లేదు. కిటికీలోంచి కనిపించే ఈ కొండల వరస వెంట పోతే చింతపల్లి వస్తుంది.

1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు మీదా, అడవి సరుకు మీదా ఆంక్షలు మొదలయ్యాయి. గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ రోడ్డు పనికి గిరిజనుల్ని తోలి, కూలి సరిగా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి... మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద పడ్డారు అల్లూరి సీతారామరాజు, ఆయన మనుషులు. ఏమేం పట్టుకెళ్తున్నదీ రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళారని చెబుతారు. ఇదెక్కడి దొంగతనం! అయినా బ్రిటిష్ సర్కారు ఆయన తలకు వెల కట్టింది. 1924 మే 7న కొయ్యూరు దగ్గర కాల్చి చంపింది.

దొరల కాగితాల్లో ఆ పోరాటం పేరు 'పితూరీ', అంటే తిరుగుబాటు. ఇప్పుడు మన ఇళ్ళలో పితూరీ అంటే ఒకరి మీద ఇంకొకరు చాడీలు చెప్పడం! ఆ పితూరీలో రాజు వెంట నడిచిన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు గెలిచారు. ఆ సంగతి చెప్పగానే మావాడు కళ్ళు పెద్దవి చేశాడు.

అలాగని సినిమాని మరీ తేలిగ్గా తీసేయడానికీ లేదు. 2025 ఆగస్టులో ఇండోనేషియాలోనూ, సెప్టెంబరులో నేపాల్‌లోనూ ప్రభుత్వాల మీద కోపంతో వీధుల్లోకొచ్చిన కుర్రకారు చేతుల్లో కనిపించింది ఈ గడ్డిటోపీ పుర్రె జెండానే.

దొంగల కథన్నాక నిధి ఉండాలి కదా? ఇక్కడా ఉంది. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు ప్రభుత్వం లీజులిచ్చింది. 'సమత' అనే సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. తవ్వాలంటే ప్రభుత్వ సంస్థలో, గిరిజనుల సహకార సంఘాలో తవ్వుకోవాలి.

మర్నాడు బొర్రా గుహలకు వెళ్తూ దారిలో ఇదంతా చెప్పాను. "అయితే ఆ ఊళ్ళవాళ్ళకి నిధి దొరికిందా?" అన్నాడు. ఈ చుట్టుపక్కల చాలామంది కాఫీ, మిరియాల మీదే బతుకుతున్నారని చెప్పాను. సినిమాలో అయితే ఈపాటికి పెట్టె తెరిచేసేవాళ్ళంటూ పెదవి విరిచాడు.