సురంగల్ నల్లా, డల్లాస్ నల్లా

మెహదీపట్నంలో చేవెళ్ల బస్సెక్కి, వీలైతే కిటికీ పక్కన సీటు చూసుకోండి. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల నడుమగా సాగి మొయినాబాద్ చేరతారు. ఆ మండలంలోని పల్లెల్లో సురంగల్ ఒకటి. చుట్టుపక్కలంతా కూరగాయల మళ్లు, పూలతోటలు, మధ్యమధ్య పట్నంవాళ్ల ఫామ్‌హౌస్‌లు. ఇల్లాలి కన్ను కదా, నాకు వీటికన్నా ముందు బోరు దగ్గర్నుంచి పాకే పైపులే కనబడతాయి!

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లారగట్ల ఇక్కడ నల్లా తిప్పితే చేతులు కొంకర్లు పోతాయి. అంతేగానీ నీళ్లు గడ్డకట్టవు. హైదరాబాద్‌లో ఎన్నడూ లేనంత చలి పడ్డ 1946 జనవరిలో కూడా 6.1 డిగ్రీలే. మన పైపుకి శత్రువు ఎండ. ఆరుబయట ఏళ్లతరబడి ఎండిన పీవీసీ గొట్టం పెళుసుబారి, కాస్త కాలు తగిలినా పుటుక్కున విరుగుతుంది. మట్టిలో పూడ్చండి. వీలుకాకపోతే తెల్లరంగు వేయండి, గోనెపట్టా అయినా చుట్టండి.

మరి గడ్డకట్టే పైపుల సంగతి మనకెందుకంటారా? ఇదే మండలంలో చిలుకూరు బాలాజీ ఉన్నాడుగా! వీసా రావాలని 11 ప్రదక్షిణలు, వచ్చాక మొక్కు తీర్చుకుంటూ 108. పిల్లలు అటు వెళ్లగానే కాన్పులకని అమ్మలూ విమానం ఎక్కుతున్నారు. పిల్లలు ఆఫీసుకెళితే ఆ ఇంటికి కాపలా మనమే.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో ఏమైందో తెలుసా? మనవాళ్లు ఇన్ని వేలమంది ఉన్న డల్లాస్‌లో చలి సున్నాకి దిగువన 18 డిగ్రీలు దాటింది. కరెంటు పోయింది, ఇళ్లలో హీటర్లు ఆగాయి, గోడల్లో, అటకల మీద పైపులు పగిలి వంటిళ్లు చెరువులయ్యాయి. నీరు గడ్డకడితే నూటికి తొమ్మిది వంతుల దాకా ఉబ్బుతుంది. ఆ గడ్డకీ, కట్టేసిన నల్లాకీ మధ్య ఇరుక్కున్న నీటికి పోయే దారి ఉండదు. ఒత్తిడి పెరిగి పైపు చీలుతుంది.

అందుకని అక్కడికెళ్లిన మొదటిరోజే, మనవణ్ణి ఎత్తుకున్నాకే అనుకోండి, ఇంటి మెయిన్ వాల్వు ఎక్కడుందో చూపించమనండి. ఎటు తిప్పితే ఆగుతుందో మీరే తిప్పి చూడాలి. చలి ముదిరేలోపు తోట నల్లాకున్న రబ్బరు గొట్టం ఊడదీయించండి. దాన్లో నిలిచిన నీరే ముందు గడ్డకట్టి లోపలి పైపుని చీలుస్తుంది. నల్లాకి ఫోమ్ తొడుగు వేయాలి. అది దొరక్కపోతే పాత తువ్వాలు చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి బిగించి కట్టండి. గడ్డకట్టే రాత్రుల్లో బయటి గోడ వైపున్న వంటింటి నల్లాని సన్నగా కారనివ్వండి. బొట్టు బొట్టు నీళ్లు పోతుంటే మన ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే. గోడ పగలగొట్టించే ఖర్చు ముందు అదెంత? సింకు కింది అలమర తలుపులు తెరిచి పెడితే గదిలోని వెచ్చదనం పైపుకి తగులుతుంది.

ఒకవేళ గడ్డకట్టిందే అనుకోండి. మంట మాత్రం పెట్టకండి. నల్లా తెరిచి ఉంచి, ఆ వైపు నుంచే హెయిర్ డ్రయ్యర్‌తో మెల్లగా వేడి చూపించుకుంటూ వెనక్కి రండి. నీళ్లు మామూలుగా వచ్చాక పైపు పొడవునా చెయ్యి పెట్టి తడిమి చూడండి. చీలిక ఉంటే మంచు కరిగాకే కారడం మొదలవుతుంది.