ఆర్ట్స్ డిగ్రీ ఎంత అప్పు మోయగలదు

ఆర్ట్స్ చదువుల రాబడి ఆలస్యంగా వస్తుంది. బ్యాంకు వాయిదా మాత్రం కోర్సు అయిపోయిన ఏడాదికే మొదలవుతుంది. 2019లో మా అమ్మాయి చదువు గురించి మేం తీసుకున్న నిర్ణయమంతా ఈ రెండింటి మధ్య ఉన్న ఎడం మీదే నడిచింది.

ఇంటర్లో ఎంపీసీ చదివింది. మార్కులు బాగానే వచ్చాయి. అయినా చరిత్ర చదువుతానంది. చేతిలో రెండు సీట్లున్నాయి. ఒకటి ఉత్తరాదిన ఓ ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ యూనివర్సిటీలో. వాళ్లిచ్చిన రాయితీ పోగా ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి 5 లక్షలు, అలా నాలుగేళ్లు. రెండోది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)లో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ. మెస్ బిల్లుతో సహా ఏడాదికి లక్ష దాటదు. మావారిది విజయవాడలో చిన్న మందుల షాపు, నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. రెండోదానికైతే నా జీతంలోంచి సర్దుకోవచ్చు. మొదటిదానికి పూర్తిగా అప్పే దిక్కు.

"బీఏకి లోనేంటి వదినా!" అంది మా ఆడపడుచు. వాళ్లబ్బాయి అమెరికాలో ఎంఎస్ చేయడానికి ఇల్లు తాకట్టు పెడితే బంధువుల్లో ఒక్కరు కూడా ఆ మాట అనలేదు. చదువు పేరును బట్టి అప్పు మంచిదో చెడ్డదో తేల్చడం నాకు నచ్చదు. ఎంఎస్‌కైనా చరిత్రకైనా అడగాల్సింది ఒకటే: వాయిదా ఎంత, అది మొదలయ్యేనాటికి జీతం ఎంత?

10 శాతం వడ్డీ అనుకుని లెక్క వేశాను. నాలుగేళ్లలో బ్యాంకు ఇచ్చేది 20 లక్షలు. చదువుతున్నన్నాళ్లూ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ వాయిదాలు కట్టక్కర్లేదు. దీన్ని మారటోరియం అంటారు. ఆ కాలానికి వడ్డీ కూడా ఉండదని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతారు. ఉంటుంది. మొదటి ఏడాది ఇచ్చిన 5 లక్షల మీద ఐదేళ్లకు బారువడ్డీ రెండున్నర లక్షలు. రెండో ఏడాది సొమ్ము మీద 2 లక్షలు, మూడో ఏడాదిది లక్షన్నర, నాలుగో ఏడాదిది లక్ష. మొత్తం 7 లక్షలు. మొదటి వాయిదా కట్టే నాటికి బాకీ 27 లక్షలైపోతుంది. దాన్ని పదిహేనేళ్లకు సర్దినా నెలకు 29 వేలు కట్టాలి.

మరి జీతం? బ్రోషర్లలో అచ్చేసే సగటు ప్యాకేజీని నేను పట్టించుకోలేదు. పెద్ద కన్సల్టింగ్ కంపెనీలకు వెళ్లిన ఇద్దరు ముగ్గురి జీతాలు ఆ సగటును పైకి లాగేస్తాయి. పైచదువులకు వెళ్లినవాళ్లు, ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు అందులోకి వచ్చారో లేదో మనకు తెలియదు. అందుకని చరిత్ర, సోషియాలజీ చదివి రెండు మూడేళ్లయినవాళ్లను వెతికి పట్టుకుని, మొహమాటం లేకుండా అడిగాం. పత్రికల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, ప్రైవేటు స్కూళ్లలో పనిచేస్తున్నారు. ఎక్కువమందికి మొదటి జీతం 20 వేల నుంచి 30 వేల లోపే. వాళ్లకంటే పదేళ్లు పెద్దవాళ్లను అడిగితే కథ మారిపోయింది. విశ్వవిద్యాలయాల్లో, సివిల్స్‌లో, పరిశోధనా సంస్థల్లో స్థిరపడ్డవాళ్లున్నారు. మా చుట్టాల్లోని ఇంజనీర్లకు వాళ్లేమీ తీసిపోలేదు. ఆ స్థాయికి రావడానికి మాత్రం ఎంఏ, నెట్, పీహెచ్‌డీ అంటూ ఏళ్లు పట్టాయి. ఆ ఏళ్లలో మీద 29 వేల వాయిదా ఉంటే వాళ్లెవరూ ఆ దారిలో నిలబడగలిగేవాళ్లు కాదు. లెక్కల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించింది ఇదే. ఏ చదువు కోసం అప్పు చేస్తామో, ఆ చదువును మధ్యలో వదిలేసి దొరికిన ఉద్యోగంలో చేరేలా ఆ అప్పే చేస్తుంది.

మాకు మేం ఒక హద్దు పెట్టుకున్నాం. వాయిదా మొదటి జీతంలో పావు వంతు దాటకూడదు. 25 వేల జీతంలో పావు వంతంటే 6,250 రూపాయలు. పదేళ్లలో తీర్చేలా అయితే దాంతో మోయగలిగే బాకీ 5 లక్షలకు కాస్త తక్కువే, అదీ మారటోరియం వడ్డీ కలుపుకుని. 27 లక్షలు ఎక్కడ, 5 లక్షలు ఎక్కడ!

బ్యాంకు నిబంధనలు కూడా ఓ మోస్తరుగా ఇదే చెబుతాయి. మామూలుగా విద్యారుణం 4 లక్షల వరకు తల్లిదండ్రుల సంతకం చాలు, 7.5 లక్షలు దాటితే ఆస్తి తాకట్టు పెట్టాలి. మాకున్నదల్లా అత్తగారి పేరు మీదున్న ఇల్లు. ఆవిడ కాగితాలు తీసిస్తానన్నారు. తీసుకోవడానికి నాకు చేతులు రాలేదు. మారటోరియం కాలానికి కేంద్రం భరించే వడ్డీ రాయితీ అప్పట్లో ప్రొఫెషనల్, టెక్నికల్ కోర్సులకే వర్తించేది. చరిత్రకు లేదు. ఇక ఆదాయపు పన్ను చట్టం కింద ఎనిమిదేళ్ల పాటు వడ్డీ మొత్తానికీ పన్ను మినహాయింపు వస్తుందని ఊరిస్తారు. అది పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే. పైగా 25 వేల జీతానికి అసలు పన్నే పడదు. ఎక్కువ పన్ను కట్టేవాళ్లకే అది ఎక్కువ మేలు చేస్తుంది.

2024 నవంబరులో కేంద్రం పథకం పీఎం విద్యాలక్ష్మి వచ్చాక ఎంపిక చేసిన సంస్థల్లో సీటొస్తే తాకట్టు, పూచీకత్తు లేకుండా రుణమిస్తున్నారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు రుణం మీద మారటోరియంలో 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. మంచి పథకమే. కానీ అప్పు సులువుగా దొరికినంత మాత్రాన మొదటి జీతం పెరగదు. అశోకా, క్రియా లాంటి చోట్ల కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు. ముందు దానికి దరఖాస్తు పెట్టి, తగ్గించగా మిగిలిన మొత్తంతోనే లెక్క వేయాలి. రాయితీ ఇంకా పెద్దదైతే మా నిర్ణయం వేరేగా ఉండేదేమో.

చివరికి హెచ్‌సీయూలో చేర్పించాం. పోగొట్టుకున్నదేమీ లేదని అనను. చిన్న చిన్న తరగతులు, రాసిన ప్రతి వ్యాసాన్నీ కూర్చోబెట్టి దిద్దే అధ్యాపకులు, దేశమంతటి నుంచీ వచ్చిన స్నేహితులు... ప్రైవేటులో వాటికే అంత ధర. 2020లో హాస్టళ్లు మూసేసి తను ఇంట్లో ఫోన్లో క్లాసులు వింటున్నప్పుడు మాత్రం, అప్పు చేసి ఉంటే ఈ నెలలకీ వడ్డీ ఆగేది కాదు కదా అనుకున్నాను.

2024లో ఎంఏ అయింది. ఓ పరిశోధనా ప్రాజెక్టులో 24 వేల జీతానికి సహాయకురాలిగా చేరింది. హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉర్దూ, పారసీ దస్త్రాలే ఎక్కువ. అవి చదవలేకపోతే నిజాం కాలం మీద పని చేయలేనని, సాయంత్రాలు ఉర్దూ లిపి నేర్చుకుని, ఇప్పుడు పారసీ మొదలుపెట్టింది. ప్రైవేటు డిగ్రీ అప్పు తలమీదున్న తన స్నేహితురాలికీ ఆర్కైవ్స్ అంటే ప్రాణమే. ఆ అమ్మాయి ఓ కంపెనీ హెచ్‌ఆర్‌లో చేరాల్సి వచ్చింది. మా అమ్మాయికి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు వస్తాయి. రాకపోతే ఇంకో ఏడాది ఇదే జీతంతో ప్రయత్నిస్తానంటోంది. చేయనిమ్మన్నాం.

మా అబ్బాయి ఇప్పుడు ఇంటర్ రెండో ఏడాది. సైకాలజీ అంటున్నాడు. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే డిగ్రీ చాలదు. పైచదువులు పూర్తి చేసి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదు చేయించుకోవాలి. జీతం మొదలయ్యేసరికి చాలా ఏళ్లవుతుంది. అందుకే మొదటి డిగ్రీ అప్పు లేకుండా కానిచ్చి, ఆ 5 లక్షల అవకాశాన్ని ఆ తర్వాతి చదువు కోసం దాచుకోమన్నాను. వాడింకా ఒప్పుకోలేదు. బెంగళూరులో ఓ ప్రైవేటు కాలేజీ ఫీజు వివరాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆదివారం వాళ్లక్క కూడా వస్తోంది, అందరం కూర్చుని ఆ లెక్క వేస్తాం.