ఒడ్డుకు చేరకముందే తేల్చుకోవలసిన మాట

ఎండలు ముదిరాయంటే మా గొల్లపల్లి ప్రాంతంలో పిల్లల అడుగులు బావుల వైపు, శ్రీరాంసాగర్ కాలువల వైపు మళ్లుతాయి.

నేను ప్రభుత్వ వైద్యుడిగా పనిచేస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం పదిహేనేళ్ల బాలుణ్ణి కాలువలోనుంచి తీసి నా వద్దకు తెచ్చారు. అప్పటికే ప్రాణం పోయింది. వెంట వచ్చిన నలుగురు స్నేహితులు తడి బట్టలతో గోడకు ఆనుకొని నిలబడ్డారు. వారిలో ఒకడు ఏడుస్తూ, "వానికి ఈత రాదని మాకు తెల్వదు సార్. వాడు చెప్పలే" అన్నాడు. ఈత రాదని చెప్పడానికి సిగ్గుపడి ఆ పిల్లవాడు నీళ్లలోకి దూకాడు.

అతణ్ణి తెలివితక్కువవాడని నేను అనలేను. ఆ వయసులో నేనూ స్నేహితులు నవ్వుతారని వెరచి మోటబావిలో దూకినవాణ్ణే. మోట కొడుతున్న రైతు తాడు అందించబట్టి బతికి బయటపడ్డాను.

కౌమారంలో మెప్పుకు, ఉత్సాహానికి స్పందించే మెదడు భాగాలు ముందుగా చురుకెక్కుతాయి. నిగ్రహాన్నిచ్చే నుదుటి వెనుక భాగం దాదాపు ఇరవై అయిదేళ్ల వరకు పరిపక్వమవుతూనే ఉంటుంది. అమెరికా పరిశోధకులు గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ కొందరిచేత కంప్యూటర్‌పై కారు నడిపే ఆట ఆడించి, ఫలితాలను 2005లో ప్రచురించారు. 13–16 ఏళ్లవారిలో, ఒంటరిగా ఆడినవారికంటే తోటివారి మధ్య ఆడినవారు ఎక్కువగా తెగించారు. 24 ఏళ్లు దాటినవారిలో ఆ తేడా కనబడలేదు.

కనుక "అప్పుడు ఆలోచించుకో" అని పిల్లలకు చెబితే చాలదు. నిర్ణయం ఇంటివద్దే జరగాలి. "నాకు ఈత రాదు, ఒడ్డున కూర్చుంటా" అనే మాటను వారిచేత ముందే పలికించండి. అది కష్టమైతే నింద మీరే మోయండి. "మా నాయిన ఊకోడు" అని చెప్పుకోనివ్వండి. పెద్దల సమక్షంలో ఈత నేర్పించండి. అయినా కాలువల వద్ద జాగ్రత్త అవసరమే. నాచు పట్టిన సిమెంటు వాలుపై ఈతగాళ్లకూ పట్టు దొరకదు. ఎవరైనా మునుగుతుంటే పిల్లలు వెంట దూకరాదు. తాడు గాని, పంచె గాని విసిరి, కేకలు వేసి పెద్దలను పిలవాలి. 108కు ఫోన్ చేయాలి.

ఆ రోజు నలుగురిలో ఒక్కడైనా "నీకు ఈత వస్తదా?" అని ముందుగా అడిగి ఉంటే ఆ పిల్లవాడు నిజం చెప్పి ఉండేవాడేమో. మీ పిల్లలకు ఆ ప్రశ్న అడగడం కూడా నేర్పండి.